ఇంగ్లీషు పెద్ద పదాలు: ఇంట్లో మాటలతో అర్థాలు, నేర్చుకునే తీరు

గల్ఫ్ ఉద్యోగానికి వచ్చే అగ్రిమెంటులో 'ఫర్‌ఫీట్' అనే మాట కనిపించడం మామూలే. ఒప్పుకున్న గడువుకు ముందే పని మానేస్తే ఫలానా సొమ్ము 'ఫర్‌ఫీట్' అవుతుందని ఒక లైను ఉంటుంది. సంతకం పెట్టే మనిషికి జీతం అంకె తెలుస్తుంది, తేదీ తెలుస్తుంది, ఆ ఒక్క మాట తెలియదు. ఆ సొమ్ము మీద ఇక హక్కు ఉండదని దాని అర్థం. 'జప్తు అయినట్టే' అని పక్కన ఎవరైనా చెప్పి ఉంటే పెన్ను కాసేపు ఆగేది.

పదో తరగతి అమ్మాయికి, బ్యాంకు పరీక్ష రాసే కుర్రాడికి, విదేశాలకు వెళ్లాలని ఐఈఎల్‌టీఎస్ రాసే నర్సుకు ఎదురయ్యేదీ ఇలాంటి చిక్కే. మాట్లాడటానికి సరిపడా ఇంగ్లీషు ఉంటుంది, పై మెట్టు పదాల దగ్గర బండి ఆగిపోతుంది. బడిలో ఇంగ్లీషు, ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు కావడం వల్లే పిల్లలు వెనకబడుతున్నారని కొందరు తల్లిదండ్రులు బెంగపడతారు. పదాల సంగతికి వచ్చేసరికి లెక్క తలకిందులవుతుంది. కొత్త పదం గుర్తుండాలంటే అది పాత మాట దేనికో ఒకదానికి తగులుకోవాలి. రెండు మూడు భాషలున్న ఇంట్లో అలాంటి కొక్కేలు ఎక్కువ. వాటిని వాడుకోవడం ఎవరూ నేర్పకపోవడమే అసలు లోటు.

సంతకం పెట్టే కాగితాల్లో

తెలుగు కచేరీ భాష సగం ఉర్దూ నుంచి వచ్చిందే. జామీను, దావా, జప్తు, రాజీ, మాఫీ, వకాల్తా, దస్తావేజు అన్నీ ఆ దారిన వచ్చినవే. ఇంగ్లీషు ఒప్పంద పత్రాల్లోని చాలా మాటలకు ఇవే సరైన జోడీలు.

'వేవ్' అంటే హక్కును వదులుకోవడం, మాఫీ చేయడం. రుణమాఫీని ఇంగ్లీషు పత్రికలు 'లోన్ వేవర్' అని రాసేది అందుకే. చెయ్యి ఊపే 'వేవ్' పలకడానికి ఇలాగే ఉంటుంది గానీ స్పెల్లింగు వేరు, పుట్టుక వేరు. 'ఐ వేవ్ మై రైట్' అని రాసి ఉంటే ఆ హక్కును ఇక అడగనని మాట ఇచ్చినట్టు. 'గ్యారంటార్' అంటే జామీను ఉన్న మనిషి. అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే కట్టాల్సింది ఇతనే. 'కొలాటరల్' మనిషి కాదు, తాకట్టు పెట్టిన ఆస్తి. ఆటోకో కారుకో లోను తీసుకుంటే ఆర్‌సీ మీద 'హైపోథికేషన్' అని పడుతుంది: బండి మీ దగ్గరే ఉంటుంది, తిరుగుతుంది, కానీ వాయిదాలు ఆగితే దాని మీద బ్యాంకుకు హక్కు ఉంటుంది. 'డిఫాల్ట్' అంటే గడువులోగా కట్టకపోవడం. ఫోన్ సెట్టింగుల్లో కనిపించే 'డిఫాల్ట్'కు అర్థం వేరు: మనం ఏమీ మార్చకపోతే దానంతట అదే ఉండేది.

'రెమ్యూనరేషన్' సినిమా వార్తల పుణ్యమా అని అందరికీ తెలుసు. హీరో తీసుకునేదే కాదు, పనికి ఇచ్చే ప్రతిఫలం ఏదైనా అదే. చాలామంది 'రెన్యూమరేషన్' అని పలుకుతారు, రాస్తారు కూడా, అది తప్పు. 'గ్రాచ్యుటీ' ఉద్యోగ పత్రంలో ఉంటే సర్వీసు ముగిశాక వచ్చే సొమ్ము. అదే హోటల్ బిల్లు మీద ఉంటే టిప్పు. దీని చుట్టాలే కృతజ్ఞత అనే అర్థమున్న 'గ్రాటిట్యూడ్', కృతఘ్నుడు అనే అర్థమున్న 'ఇన్‌గ్రేట్'. 'గ్రట్యూటస్' మాత్రం కొంచెం దారి తప్పిన చుట్టం. పరీక్షల్లో అది 'అనవసరమైన, కారణం లేని' అనే అర్థంలోనే ఎక్కువగా వస్తుంది. 'రీపాట్రియేషన్' అంటే సొంత దేశానికి తిరిగి పంపడం, ఉర్దూలో వతన్ వాప్సీ. ఆ ఖర్చు ఎవరిదో రాసి ఉండే లైను ఇదే కాబట్టి వేలు పెట్టి చదవాల్సిన మాట.

అన్నిటికంటే గడుసు మాట 'నాట్‌విత్‌స్టాండింగ్'. పైన ఏమి రాసి ఉన్నా సరే, ఇక్కడ రాసిందే చెల్లుతుందని దాని భావం. ఉర్దూ 'బావుజూద్'కు దగ్గరగా ఉంటుంది. పై పేజీల్లో ఇచ్చిన హామీలన్నీ ఈ మాటతో మొదలయ్యే ఒక్క పేరాలో కొట్టుకుపోవచ్చు. పత్రం ఎంత పొడుగున్నా ముందు ఈ మాట ఎక్కడుందో వెతకడం మంచిది.

ఎన్ని పదాలు కావాలి

హైదరాబాద్ కోచింగ్ వీధుల్లో జీఆర్ఈకి 3500 పదాల జాబితాను అక్షర క్రమంలో బట్టీ పట్టడం ఒక తరం అనుభవం. 2011లో ఆ పరీక్ష రూపు మారింది. పదానికి వ్యతిరేక పదం గుర్తించే ప్రశ్నలు, పద జంటల పోలిక ప్రశ్నలు తీసేశారు. ఇప్పుడు వాక్యంలోని ఖాళీకి సరిపోయే మాట పట్టుకోవాలి. జాబితా మాత్రం చేతులు మారుతూనే ఉంది.

వరస గురించి ఆలోచించినవాళ్లు లేకపోలేదు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లీషు పండితుడు 1920లలో ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవడానికి అన్నిటికంటే ముందు ఏ పదాలు కావాలో పరిశీలించాడు. ఆ దారిలోనే 1953లో సుమారు 2000 పదాల జాబితా వెలువడింది. 2000లో న్యూజిలాండ్‌కు చెందిన ఏవ్రిల్ కాక్స్‌హెడ్ ఆ 2000కు పైన, కాలేజీ పుస్తకాల్లో మళ్లీ మళ్లీ వచ్చే 570 పద కుటుంబాలను ఏరింది. చదువు పుస్తకాల్లో సుమారు 10 శాతం మాటలు ఈ 570లోనివే. కథల్లో, నవలల్లో అవి చాలా తక్కువ. 'అసెస్' (అంచనా వేయు), 'డిరైవ్' (రాబట్టు), 'ఇంటర్‌ప్రెట్' (అర్థం చెప్పు), 'సిగ్నిఫికెంట్' (చెప్పుకోదగ్గ), 'కాన్‌స్టిట్యూట్' (కలిసి ఏర్పరచు) లాంటివి. గొప్పగా కనిపించవు, కానీ సైన్సు, సోషల్, కామర్స్ ప్రశ్నపత్రాలను నడిపేవి ఇవే. పత్రికలు, నవలలు నిఘంటువు లేకుండా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని పాల్ నేషన్ అనే మరో పండితుడు 2006లో లెక్క చూపాడు. అది ఏళ్ల తరబడి చదివితే వచ్చేది.

కాబట్టి ఇంటర్ చదివే పిల్ల ముందు 570 పట్టుకోవాలి. 'పల్క్రిట్యూడ్' లాంటి పదాలు, అంటే అందం, తర్వాత తీరిగ్గా వస్తే వచ్చాయి, లేకపోతే పోయాయి.

మూలం పట్టుకుంటే కుటుంబం దొరుకుతుంది

మక్తబ్‌లో నాలుగు రోజులు కూర్చున్న పిల్లలకు ఒక సంగతి తెలియకుండానే తెలిసి ఉంటుంది. కితాబ్, కాతిబ్, మక్తబ్, మక్తూబ్, కుతుబ్‌ఖానా అన్నిటి వెనుకా కాఫ్, తే, బే అనే మూడు అక్షరాలే ఉన్నాయి, అన్నీ 'రాయడం' చుట్టూ తిరుగుతాయి. ఇల్మ్, ఆలిమ్, ముఅల్లిమ్, తాలీమ్, మాలూమ్, మాలూమాత్ మరో కుటుంబం. ఇంగ్లీషులో పెద్ద పదాలన్నవి ఎక్కువగా లాటిన్, గ్రీకుల నుంచి వచ్చినవి. అవి అచ్చం ఇలా కాకపోయినా ఇలాంటి లెక్కతోనే పుట్టాయి. అరబీలో అక్షరాల మధ్య అచ్చులు మారతాయి, లాటిన్‌లో మూలానికి ముందూ వెనకా ముక్కలు అతుక్కుంటాయి.

రాయడానికి లాటిన్ మూలం 'స్క్రైబ్'. కాతిబ్ అంటే ఇంగ్లీషులో 'స్క్రైబ్'. పరీక్షలో చూపులేని విద్యార్థి తరఫున రాసే మనిషినీ అలాగే అంటారు. దాని నుంచి 'ప్రిస్క్రైబ్' (ముందే రాసి ఇవ్వడం, డాక్టరు చీటీ), 'ప్రోస్క్రైబ్' (నిషేధించడం), 'ఇన్‌స్క్రిప్షన్' (శాసనం, కత్బా), 'మాన్యుస్క్రిప్ట్' (చేతిరాత ప్రతి) వచ్చాయి. 'ప్రిస్క్రైబ్', 'ప్రోస్క్రైబ్' ఒక్క అచ్చు తేడాతో ఎదురెదురు అర్థాలిస్తాయి కాబట్టి పరీక్షలు పెట్టేవాళ్లకు ఈ జంట మీద మోజు ఎక్కువ.

'అనిమ్' అంటే మనసు, ప్రాణం. 'మాగ్నానిమస్' పెద్ద మనసు గల మనిషి. ఉర్దూలో దర్యాదిల్ అంటే ఇక వివరించక్కర్లేదు. 'యునానిమస్' అందరిదీ ఒకే మనసు, ఏకగ్రీవం. తెలుగు మాటకు అక్షరాలా 'ఒకే మెడ' అని అర్థం, ఇంగ్లీషువాళ్లు మనసు దగ్గర ఆగితే మనం మెడ దాకా వెళ్లాం. 'ఈక్వనిమిటీ' కష్టసుఖాల్లో ఒకేలా ఉండే నిబ్బరం. 'అనిమాసిటీ' మాత్రం పగ, అదావత్.

'లోక్' మాట్లాడటం. 'లోక్వేషస్' వాగుడుకాయ, బాతూనీ. 'ఎలోక్వెంట్' వాగ్ధాటి ఉన్న మనిషి, తఖ్రీర్‌లో ఫసీహ్ అనిపించుకునేవాడు. 'కలోక్వియల్' వాడుక మాట, బోల్‌చాల్ భాష. 'సొలిలక్వీ' తనలో తాను మాట్లాడుకోవడం, నాటకంలో స్వగతం. మొదటి రెండూ మాట్లాడటం గురించే, అయితే ఒకటి తిట్టు, ఒకటి పొగడ్త.

'క్రెడ్' నమ్మకం, ఐతబార్. క్రెడిట్ కార్డులో ఉన్నదీ అదే. 'క్రెడిబుల్' నమ్మదగినది. 'క్రెడ్యులస్' ఎవరేం చెప్పినా నమ్మేసే అమాయకుడు. 'ఇన్‌క్రెడిబుల్' నమ్మశక్యం కాని విషయం, 'ఇన్‌క్రెడ్యులస్' విని నమ్మలేకపోతున్న మనిషి. వార్త 'ఇన్‌క్రెడిబుల్', విన్నవాడు 'ఇన్‌క్రెడ్యులస్'.

కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గరే కొన్ని మూలాలు దొరుకుతాయి. 'బోనఫైడ్' సర్టిఫికెట్‌లో 'బోనా' అంటే మంచి, 'ఫైడ్' అంటే విశ్వాసం, కలిపితే నేక్‌నీయతీ. 'అఫిడవిట్', 'కాన్ఫిడెన్స్', నమ్మకద్రోహం అనే అర్థమున్న 'పర్ఫిడీ' అదే ఇంటివి. పరీక్ష హాల్లో చీటీలతో దొరికితే 'మాల్‌ప్రాక్టీస్' కేసు పెడతారు. అందులోని 'మాల్' చెడును చెబుతుంది కాబట్టి 'మాల్‌న్యూట్రిషన్' పోషకాహార లోపం, 'మలేవలెంట్' చెడు కోరేవాడు, 'మలైన్' అపవాదు వేయడం, 'మాలడీ' జబ్బు. హాజరు తక్కువైతే కట్టే 'కండోనేషన్' ఫీజు మరో ఉదాహరణ. 'కండోన్' అంటే తప్పును చూసీచూడనట్టు వదిలేయడం. సంతాపం తెలపడానికి వాడే 'కండోల్' వేరు, ఖండించే 'కండెమ్' వేరు.

మూలం తెలిసింది కదా అని ప్రతి పదాన్నీ ఊహించేస్తే దెబ్బతింటారు. 'నాయ్‌సమ్' అంటే చప్పుడు చేసేది కాదు, కంపు కొట్టేది. 'ఎనర్వేట్' ఎనర్జీ ఇవ్వడం కాదు, ఒంట్లో సత్తువ లాగేయడం. 'ఇన్‌ఫ్లేమబుల్' అని లారీ ట్యాంకరు మీద ఉంటే మండదని కాదు, తేలిగ్గా మండుతుందని. 'డిస్‌ఇంటరెస్టెడ్' అంటే ఆసక్తి లేదని వాడేవాళ్లు ఉన్నా, పరీక్షల్లో దాని సరైన అర్థం నిష్పక్షపాతి. జడ్జి అలాగే ఉండాలి.

మన దగ్గర నుంచి వెళ్లిన పదాలు

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ నోట్లో పడి 'అల్గారిథమ్' అయింది. ఆయన పుస్తకం పేరులోని 'అల్ జబ్ర్' నుంచి 'ఆల్జీబ్రా' వచ్చింది. దాన్ని 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ లాటిన్‌లోకి తెచ్చాడు. ఇది చాలామంది విన్న సంగతే. పెద్ద పరీక్షల్లో వచ్చే కొన్ని పదాల వెనుక కూడా అరబీ ఉందని తక్కువమందికి తెలుసు.

'నేడిర్' అంటే అత్యంత కింది స్థాయి. వ్యాపారం బాగా దెబ్బతిన్న రోజుల్ని 'నేడిర్'కు చేరిందంటారు. దాని ఎదురు 'జెనిత్', శిఖరం. ఆకాశంలో నెత్తి మీది చుక్కను అరబీ ఖగోళ శాస్త్రవేత్తలు 'సమ్త్'తో చెప్పేవారు, ఉర్దూలో అది దిక్కు అనే అర్థంలో ఇప్పటికీ ఉంది. లాటిన్ లేఖకులు అక్షరం తప్పు చదవడంతో అది 'జెనిత్' దాకా వచ్చింది. దానికి సరిగ్గా ఎదురుగా, కాళ్ల కింద ఉండే చుక్క 'నజీర్', అంటే జోడీ, సాటి. సాటి లేనిది బేనజీర్ అయినట్టే. అయితే ఉర్దూలో 'అరుదైన' అనే అర్థమున్న 'నాదిర్' పూర్తిగా వేరే మాట. ఇంగ్లీషు 'నేడిర్' చూడగానే ఆ నాదిర్ గుర్తొస్తే జవాబు తప్పుతుంది.

'సైఫర్' మన సిఫర్, సున్న. అరబీ అంకెలు ఐరోపాకు కొత్తగా ఉన్న రోజుల్లో రహస్య లిపికీ అదే పేరు పడింది. అందుకే 'డిసైఫర్' అంటే అంతుచిక్కని రాతను విప్పి చదవడం. డాక్టరు చేతిరాతకు బాగా సరిపోయే మాట. 'మాగజైన్' అరబీ 'మఖ్జన్' నుంచి వచ్చింది, దాని బహువచనం మఖాజిన్, అంటే గిడ్డంగులు. ఖజానా కూడా ఆ మూలానిదే. తుపాకీలో గుళ్లు నిలవ ఉండే చోటూ మాగజైనే, 1731లో లండన్‌లో ఒక పత్రిక ఆ పేరు పెట్టుకున్నాక సమాచారం నిలవ ఉండే చోటూ మాగజైనే. 'టారిఫ్' అంటే సుంకాల పట్టిక, ధరల పట్టిక. ఉర్దూలో తారీఫ్ అంటే పొగడ్త, నిర్వచనం. మూలంలో రెండూ 'తెలియజేయడమే'. 'ఎలిక్సర్' సర్వరోగాలకూ మందు, మన పెద్దవాళ్లు చెప్పే అక్సీర్.

మన దేశం నుంచి వెళ్లినవీ ఉన్నాయి. 'మొగల్' మన మొఘల్ నుంచే, కోట్ల వ్యాపారం చేతిలో ఉన్న పెద్ద తలకాయ. 'నేబాబ్' నవాబు నుంచి, భారత్‌లో సంపాదించుకుని ఇంగ్లండు తిరిగెళ్లిన కంపెనీ ఉద్యోగులను ఎగతాళిగా అలా పిలిచారు. పూరీ జగన్నాథుడి రథం నుంచి 'జగ్గర్‌నాట్', ఎవరూ ఆపలేని శక్తి. తెలుగు వాటా చిన్నది గానీ గట్టిది: 'బాండికూట్' మన పందికొక్కే. ఇలాంటి మాటలను ఏర్చి కూర్చిన యూల్, బర్నెల్‌ల నిఘంటువు 1886లో వచ్చింది. దాని పేరు 'హాబ్సన్ జాబ్సన్'. ముహర్రం ఊరేగింపులో 'యా హసన్, యా హుసేన్' అనే కేకను తెల్ల సిపాయిలు అలా విన్నారట.

ఒకటే అర్థం కాదు, ఒకటే బరువు కాదు

ఇంగ్లీషు పదం పక్కన ఒక తెలుగు మాట రాసుకుని ముందుకు వెళ్లిపోవడం వల్ల జరిగే నష్టం ఇక్కడ బయటపడుతుంది. 'ఫ్రూగల్', 'మైజర్లీ' రెండింటి పక్కనా 'పొదుపు' అని రాసి ఉన్న గైడ్లు దొరుకుతాయి. మొదటిది మెచ్చుకోలు, పొదుపరి, కిఫాయత్ షిఆర్. రెండోది తిట్టు, పిసినారి, కంజూస్. ఇంటర్వ్యూలో మా నాన్న 'మైజర్లీ' అని చెబితే పాపం ఆ తండ్రి పరువు పోయినట్టే. 'టెనేషస్' పట్టుదల గలవాడు, 'ఆబ్‌స్టినేట్' మొండివాడు, జిద్దీ. 'చైల్డ్‌లైక్' పసి మనసు, మాసూమియత్. 'చైల్డిష్' బచ్కానా వేషాలు. 'ఫేమస్' మషూర్, 'నొటోరియస్' బద్నామ్. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన పిల్లలకు ఇలాంటి తేడా ఒక్క మాటతో చెప్పవచ్చు. ఇంగ్లీషులో అర్థం చెబితే మూడు లైన్లు పడుతుంది.

కష్టాన్ని తగ్గించే పదాలకూ ఎవరి చోటు వారిదే. నొప్పి, పేదరికం లాంటి బరువును తేలిక చేయడం 'అలీవియేట్'. ప్రమాదం, నష్టం తీవ్రతను ముందుచూపుతో తగ్గించడం 'మిటిగేట్'. పరిస్థితుల్ని బాగుపరచడం 'అమీలియరేట్'. ఉన్న సమస్యను ఇంకా ముదరబెట్టడం 'ఎగ్జాసర్బేట్'.

కొన్ని పదాలు రెండు వైపులా మాట్లాడతాయి. లోను 'శాంక్షన్' అయితే మంజూరు, ఒక దేశం మీద 'శాంక్షన్స్' పెడితే ఆంక్షలు. 'ఓవర్‌సైట్' అంటే పర్యవేక్షణ, కంటపడకపోయిన పొరపాటు కూడా. పక్క మాటలు చూడకుండా అర్థం తేల్చలేం.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషుతో మరో తంటా. 'మంత్రి సీరియస్' అని పత్రిక రాస్తే కోప్పడ్డారని, ఆస్పత్రి దగ్గర 'సీరియస్' అంటే ప్రాణాపాయమని మనకు తెలుసు. ఇంగ్లీషులో మనిషి 'సీరియస్' అంటే నవ్వులాటకు కాదు, నిజంగానే అంటున్నాడని. 'ఫీల్ అయ్యాడు' అంటే మన దగ్గర నొచ్చుకున్నాడు, ఇంగ్లీషులో ఆ వాక్యం సగంలో ఆగినట్టు. 'సెంటిమెంట్' మనకు శకునం, కుటుంబ అనురాగం. ఇంగ్లీషు పత్రికలో 'పబ్లిక్ సెంటిమెంట్' అంటే జనాభిప్రాయం. భాష దాటితే మాట అర్థం మారడం వింత కాదు. తెలుగులో రాజీనామా ఇస్తే ఉద్యోగం పోతుంది, ఉర్దూలో రాజీనామా రాస్తే తగాదా తీరుతుంది. ఉద్యోగం వదలడానికి అక్కడ ఇస్తీఫా ఉంది.

పదం ఏ పదంతో జత కడుతుందో కూడా నేర్చుకోవాలి. తప్పు, పని, హోంవర్కు అన్నిటికీ మనకు 'చేయడమే', ఉర్దూలో 'కర్నా'. ఇంగ్లీషులో తప్పును 'మేక్' చేస్తారు, హోంవర్కును 'డూ' చేస్తారు, నేరాన్ని 'కమిట్' చేస్తారు. 'గురించి చర్చించాం' అనే అలవాటుతో 'డిస్కస్' పక్కన 'ఎబౌట్' పెట్టేస్తాం, అక్కడ అది అక్కర్లేదు.

గుర్తుండాలంటే

హిఫ్జ్ చేసే పిల్లల దినచర్య తెలిసినవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు. ఆ రోజు కొత్త పాఠం సబఖ్, గత కొన్ని రోజులది సబ్ఖీ, వెనకటిది మంజిల్. మూడూ రోజూ ఉంటాయి, పాతది ఎప్పుడూ చేయి జారదు. నేర్చింది ఎంత వేగంగా మరచిపోతామో జర్మనీలో ఎబింగ్‌హాస్ తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో ప్రచురించాడు: ఎక్కువ భాగం మొదటి రోజే పోతుంది, విరామాలిచ్చి మళ్లీ చూస్తే నిలుస్తుంది. 1970లలో లైట్నర్ అనే మరో జర్మన్ రచయిత దీన్ని అట్టపెట్టెలోకి దించాడు. పెట్టెలో ఐదు గదులు. చీటీకి ఒక వైపు పదం, రెండో వైపు అర్థం. చెప్పగలిగితే చీటీ తర్వాతి గదికి, తప్పితే మళ్లీ మొదటి గదికి. మొదటి గది రోజూ, వెనక గదులు ఇంకా ఆలస్యంగా తీస్తారు. ఫోన్‌లో అంకీ అనే ఆప్ ఈ పనే చేస్తుంది. పెళ్లి కార్డుల వెనక వైపు కత్తిరించి చీటీలు చేసుకున్నా అంతే ఫలితం.

నోటుబుక్కులో పదానికి నాలుగు లైన్లు ఇవ్వాలి. ఎక్కడ కనిపించిందో ఆ వాక్యం, తేలిక ఇంగ్లీషులో అర్థం, ఇంట్లో వాడే తెలుగు లేదా ఉర్దూ మాట, చివరగా తన ఇంటి మనుషులతో కట్టిన సొంత వాక్యం. నాలుగోది వదిలేస్తే మిగతా మూడు వారంలో మాయమవుతాయి. రోజుకు ఐదు పదాలు చాలు, ఏడాదిలో 300 రోజులు కూర్చున్నా 1500 అవుతాయి. ఇంగ్లీషు రాని అమ్మ కూడా ఇందులో పాలుపంచుకోవచ్చు. పదం వినిపించి 'మన మాటలో ఏమంటారు' అని పిల్లలు అడిగితే, 'ఆబ్‌స్టినేట్'కు సరైన మాట నిఘంటువు కంటే ముందు ఆమె నోటే వస్తుంది.

నిఘంటువులు, పరీక్షలు, పలకడం

నేర్చుకునేవారి కోసం రాసిన నిఘంటువు వేరు, పండితుల నిఘంటువు వేరు. హార్న్‌బీ పేరుతో తెలిసిన ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ 1948 నుంచి ఆక్స్‌ఫర్డ్ ముద్రణలో ఉంది. 1978లో వచ్చిన లాంగ్‌మన్ నిఘంటువు అర్థాలన్నిటినీ సుమారు 2000 తేలిక పదాలతోనే చెప్పింది. రెండూ ఇప్పుడు ఫోన్‌లో ఉచితంగా చూడవచ్చు. ఉర్దూ జోడీ కావాలంటే మౌల్వీ అబ్దుల్ హఖ్ 1937లో తెచ్చిన ఇంగ్లీషు ఉర్దూ నిఘంటువు పాత ఇళ్లలో ఇంకా ఉంటుంది, లేకపోతే రేఖ్తా వెబ్‌సైట్ ఉంది. తెలుగుకు ఆంధ్రభారతిలో బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా ఒకేచోట దొరుకుతాయి. తెలుగులో కలిసిన హిందుస్తానీ, పారశీ, ఇంగ్లీషు మాటలకు విడిగా ఒక నిఘంటువు కావాలని బ్రౌన్‌కు 1854 నాటికే తోచింది, వేశాడు కూడా.

ఎస్ఎస్‌సీ పరీక్షల్లో సమానార్థకాలు, వ్యతిరేకార్థకాలు, అనేక మాటలకు ఒకే మాట నేరుగా అడుగుతారు కాబట్టి అక్కడ జాబితా కొంత పనికొస్తుంది. బ్యాంకు పరీక్షల్లో పేరాలోని ఖాళీలు, క్యాట్‌లో చదివి అర్థం చేసుకోవడమే ఎక్కువ. ఐఈఎల్‌టీఎస్ రాత, మాట పరీక్షల్లో నాలుగు కొలమానాల్లో ఒకటి పద సంపద, అంటే పావు వంతు మార్కులు. పెద్ద పదం వాడినందుకు కాదు, సరైన చోట వాడినందుకు ఇస్తారు.

మాట పరీక్ష ఉన్నవారు ప్రతి పదాన్నీ చెవితో కూడా నేర్చుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగు తెలుగు లిపిలా నమ్మదగినది కాదు. మచ్చుతునక అనే అర్థమున్న పదం 'ఎపిటోమ్' కాదు, 'ఎపిటమీ'. అతిశయోక్తి 'హైపర్‌బోల్' కాదు, 'హైపర్‌బలీ'. కూలిన భవనాల శిథిలాలు 'డెబ్రిస్' కాదు, 'డెబ్రీ'. పైపై మెరుగు 'ఫకేడ్' కాదు, 'ఫసాడ్'. దారి తప్పింది అనే 'అవ్రీ' అసలు 'అరై'. నిఘంటువులో పదం పక్కనున్న చిన్న స్పీకర్ బొమ్మ నొక్కి, రెండుసార్లు విని, బిగ్గరగా పలికాకే చీటీ మీద రాయాలి.